ఒళ్లో పుస్తకం

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే సంగతి: చిన్నపిల్లలకి ఎలాంటి బొమ్మల పుస్తకాలు కొనాలి, కొన్నాక ఎలా చదివి వినిపించాలి. అందుకని మిగతా ప్రశ్నల్ని వచ్చే నెలకి ఉంచి, ఈసారి శీర్షికంతా దీనికే ఇస్తున్నాను. కాకినాడ నుంచి ఉప్పాడ వెళ్లే దారిలో, సముద్రపు ఒడ్డు పల్లెల్లో ఇరవై తొమ్మిదేళ్లు ఒకటి, రెండు తరగతులకి చెప్పాను. రిటైరయ్యాక పిఠాపురంలో మా ఇంటి వసారాలో రెండు చెక్క అరలు కొట్టించి పుస్తకాలు పెట్టాను. సాయంత్రం ఐదు దాటితే వీధిలో పిల్లలు వస్తారు, కొందరు చంకలో తమ్ముణ్ణో చెల్లినో వేసుకుని. నాకు తెలిసిందంతా ఆ బడుల్లోనూ ఈ వసారాలోనూ తెలిసిందే.

మా బాబుకి పది నెలలు. పుస్తకం చేతికిస్తే నోట్లో పెట్టుకుంటాడు, లేదా చింపుతాడు. మాటలే రాని పిల్లాడికి పుస్తకమేంటని మా అత్తగారు అంటున్నారు. ఇప్పుడే మొదలుపెట్టడం తొందరా?
— ఒక తల్లి, ఖమ్మం

తొందర కాదమ్మా. నోట్లో పెట్టుకోవడం కూడా వాడు పుస్తకాన్ని తెలుసుకునే పద్ధతే. గిలక్కాయ ఎలా తెలిసింది వాడికి? నోట్లో పెట్టుకునేగా! అందుకే ఈ వయసుకి మందపాటి అట్టలతో చేసిన పుస్తకాలు వస్తాయి. కొనేటప్పుడు మూడు చూసుకోండి. మూలలు గుండ్రంగా ఉండాలి, పిన్నులు ఉండకూడదు, గోటితో గీకితే అట్ట మీద రంగుకాగితం పొరలా లేవకూడదు. పేజీకి ఒక్క బొమ్మ చాలు, అదీ పెద్దది. కాకి, చెంబు, చెప్పు, అరటిపండు, నవ్వే మొహం. పసివాళ్లు అన్నిటికన్నా ఎక్కువసేపు చూసేది మొహాల్నే.

ఇలాంటివి ఒక్కోటి రెండు మూడొందలు ఉంటాయి, అందరూ కొనలేరు. అప్పుడు ఇంట్లోనే చేసుకోవచ్చు. పాత శుభలేఖల అట్టలు ఒకే కొలతకి కత్తిరించి, అమ్మమ్మ, తాతయ్య, ఇంటి ముందు కుక్క, వాడి సొంత గిన్నె ఫొటోలు అంటించి, అంచున గట్టి దారంతో కుట్టేయండి. మా వీధిలో ఒకమ్మాయి తన పాపకి అలాగే చేసింది. అందులో తాతగారి కళ్లజోడు ఒక్కటే ఉన్న పేజీ ఉంది. ఆ పేజీ రాగానే పాప గుమ్మం వైపు తల తిప్పేది, తాతగారు వస్తున్నారేమోనని. అప్పటికి దానికి ఒక్క మాట రాదు. కాగితం మీది కళ్లజోడుకీ, రోజూ చూసే మనిషికీ ఉన్న సంబంధం మాత్రం తెలిసిపోయింది.

మీ అత్తగారికి పుస్తకమేంటని అనిపించడంలో ఆశ్చర్యం లేదు, వారి కాలంలో పుస్తకమంటే బడి పుస్తకమే. కాదని వాదించకండి. ఒక సాయంత్రం బాబునీ పుస్తకాన్నీ వారి ఒళ్లోనే పెట్టి, "అత్తయ్యా, వీడికి ఈ కాకిని చూపించరా" అనండి. "కాకీ కాకీ కడవల కాకీ" అని ఆవిడే ఎత్తుకుంటారు. అంతకంటే బాగా చదివి వినిపించడం నాకూ రాదు.

డిసెంబరులో హైదరాబాద్ బుక్ ఫెయిర్‌లో మా అమ్మాయికి (మూడున్నరేళ్లు) పద్నాలుగు పుస్తకాలు కొన్నాను. పదమూడింటిని రెండో పేజీకే తోసేస్తుంది. ఒక్క దాన్ని మాత్రం రోజుకి నాలుగుసార్లు చదివిస్తుంది, నాకు విసుగొచ్చేలా. కొనేటప్పుడే మంచిదేదో ఎలా తెలుసుకోవాలి? అక్షరాలు నేర్పేవి కొనాల్సిందని నా భార్య అంటోంది.
— ఒక తండ్రి, కూకట్‌పల్లి

బాబూ, పద్నాలుగులో ఒకటి కుదిరిందంటే నష్టపోయినట్టు కాదు. ఆ ఒక్కదాన్నీ పక్కన పెట్టుకుని, తోసేసిన వాటిలో రెండిటిని తెరిచి చూడండి. తేడా ఎక్కడుందో మీకే తెలుస్తుంది. నేను దుకాణంలో ఏం చేస్తానో చెబుతాను.

పుస్తకం తీయగానే పెదవులు కదిపి చదువుతాను, పక్కవాళ్లు చూసినా సరే. కంటితో చదివితే బాగున్నట్టే ఉన్న వాక్యం నోటితో చదివితే దొరికిపోతుంది. "కుందేలు యొక్క బుట్ట ముల్లంగిలతో నింపబడింది" అని ఉందనుకోండి. ఏ అమ్మ మాట్లాడుతుంది అలా? "కుందేలు బుట్ట నిండా ముల్లంగి దుంపలే" అంటుంది. వేరే భాషలోంచి హడావిడిగా తెచ్చిన పుస్తకాలు చాలావాటికి ఉన్న జబ్బు ఇదే. బొమ్మలు మహా ముచ్చటగా ఉంటాయి, మాటలు నాలుకకి అడ్డం పడతాయి. చదివే మీ గొంతు తడబడితే వినే పిల్లకి వెంటనే తెలుస్తుంది, లేచి వెళ్లిపోతుంది. మీ పదమూడింటిలో కొన్నింటి సంగతి ఇదే అయి ఉంటుంది.

తర్వాత అరచేత్తో అక్షరాలు మూసేసి బొమ్మలు మాత్రం చూసుకుంటూ పోతాను. కథ నడుస్తోందా? మాట చెప్పనిది బొమ్మ చెబుతోందా? "అవ్వ పిల్లి కోసం ఇల్లంతా వెతికింది" అని మాట ఉందనుకోండి. బొమ్మలో కుండల వెనకనుంచి తోక కొస కనపడాలి. అది అవ్వకి కనపడదు, చదివే నాన్నకీ కనపడకపోవచ్చు, అక్షరాల మీద కన్ను పెట్టాడు కాబట్టి. పిల్లకి కనపడుతుంది. "అదిగో, అదిగో!" అని వేలు పెట్టి చూపించినప్పుడు ఆ మూడున్నరేళ్ల పిల్లే చదువరి, మీరు వినేవారు. మాటలో ఉన్నదే బొమ్మలోనూ ఉంటే అది బొమ్మలు వేసిన కథ అవుతుందిగానీ బొమ్మల పుస్తకం కాదు.

ఇంకోటి, పేజీ తిప్పే చోటు చూస్తాను. పెద్ద కాగితం మీద అచ్చు వేసి మడతలు పెడతారు కాబట్టి ఈ పుస్తకాలు మామూలుగా పదహారు, ఇరవై నాలుగు, ముప్పై రెండు పేజీల్లో ఉంటాయి. పదహారు పేజీలంటే ఎనిమిది ఆకులు. ఆ కాస్త చోటులో మంచి రచయిత ప్రతి కుడి పేజీ చివరా ఒక చిన్న తలుపు పెడతాడు. "తలుపు తీసి చూస్తే..." అక్కడ మీరు ఆగాలి. ఆగి పిల్ల మొహం చూడాలి. తిప్పెయ్యమని మీ చెయ్యి లాగుతుందంటే ఆ పుస్తకం కొనాల్సిందే.

చిట్టచివరి పేజీ కూడా చూస్తాను. "నీతి" అని విడిగా అచ్చువేసి ఉంటే చాలాసార్లు తిరిగి అరలో పెట్టేస్తాను. నేను టీచర్ని, నీతి చెప్పొద్దనే మనిషిని కాదు. కానీ కథలో కాకి దాహంతో గులకరాళ్లు వేస్తుంటే పిల్ల ఊపిరి బిగపట్టి లెక్కపెడుతుంది. అంతా అయ్యాక "దీనివల్ల మనం తెలుసుకున్నదేమిటి?" అని అడిగితే ఒళ్లో కూర్చున్న పిల్ల బెంచీ మీదికి వెళ్లిపోయినట్టు అవుతుంది. అక్షరాల సంగతీ అంతే. మీ భార్యగారు అడిగేదాంట్లో తప్పు లేదు, అ అంటే అమ్మ, ఆ అంటే ఆవు అనే పుస్తకాలు వేరే ఉన్నాయి, ఒకటి కొనండి. దాన్నీ దీన్నీ కలపకండి. కథ మధ్యలో ఆపి "ఇది ఏ అక్షరం?" అని అడగడం అన్నం తింటున్న పిల్లని ముద్దలు లెక్కపెట్టమన్నట్టు ఉంటుంది.

ఇక నాలుగుసార్లు చదివించడం. మనకి విసుగు, వాళ్లకి కాదు. ఏడు చేపల కథ గుర్తు తెచ్చుకోండి. "చేపా చేపా ఎందుకు ఎండలేదు? గడ్డిమేటు అడ్డమొచ్చింది. గడ్డిమేటా గడ్డిమేటా ఎందుకు అడ్డమొచ్చావు? ఆవు మేయలేదు." ప్రతి ఇంట్లో వందసార్లు చెప్పి ఉంటారు. వందోసారి కూడా పిల్లలు "నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా?" అనే మాట కోసమే కూర్చుంటారు. తర్వాత ఏం వస్తుందో తెలిసి ఉండటం వాళ్లకి ధైర్యం. రోజులో ఇంకేదీ వాళ్ల చేతిలో ఉండదు. ఎప్పుడు పడుకోవాలో, ఏం తినాలో, చెప్పులెప్పుడు వేసుకోవాలో అన్నీ మనమే చెబుతాం. పుస్తకంలో మాత్రం తర్వాతి పేజీ వాళ్లకి ముందే తెలుసు. అందుకని కొనేటప్పుడు ఒక మాట మళ్లీ మళ్లీ వచ్చే పుస్తకాలు రెండైనా ఉండేలా చూసుకోండి.

బొమ్మని పిల్ల చదువుతుందని నాకు ఎవరు నేర్పారో కూడా చెప్పాలి. ఉప్పాడ తీరాన సముద్రం ఊరిని కోసుకుపోతుందని మీరు విని ఉంటారు. అక్కడ పక్క పల్లెలో ఒకటో తరగతిలో ఒక పిల్ల ఉండేది. వాళ్ల ఇల్లు కెరటాలకి పోతే వెనక్కి జరిగి పాక వేసుకున్నారు. జూన్‌లో బళ్లో చేరింది, దసరా సెలవులైనా నోరు విప్పలేదు. హాజరు పిలిస్తే చెయ్యెత్తేది, అంతే. ఒకరోజు ఒక పుస్తకం తెరిచి చూపిస్తున్నాను. ఇసక మీద పడవ, పక్కన పిల్లాడు, పైన సూర్యుడు. "ఇది పడవ. ఇతను చేపలు పడతాడు" అని చదివి పేజీ తిప్పబోతుంటే నా చీర కుచ్చెళ్లు పట్టుకుని లాగింది. "టీచరుగారండీ, పడవకి తాడు కట్టలేదండి. కెరటమొస్తే పోద్దండి."

చూశాను. నిజమే, తాడు లేదు. ఆ పుస్తకం అప్పటికి ఆరేడేళ్లుగా చూపిస్తున్నాను, ఒక్కసారీ నాకు కనపడలేదు. బొమ్మ వేసినవారికీ కనపడి ఉండదు. పోయిన ఇల్లు కళ్లారా చూసిన పిల్లకి కనపడింది. ఆ పూట పాఠం జరగలేదు. పడవ ఎక్కడ కట్టాలి, ఏ ముడి వెయ్యాలి, కెరటం ఎక్కడిదాకా వస్తుంది, అన్నీ ఆ పిల్లే చెప్పింది, నల్లబల్ల మీద సుద్దముక్కతో గీసి మరీ. ఆ రోజు నుంచీ పుస్తకం ఎంచేటప్పుడు నేను మొదట అడుగుతున్నది ఇదే: ఈ బొమ్మ చూసి పిల్ల నాకేమైనా చెప్పడానికి చోటుందా?

మా పాపకి నాలుగేళ్లు. రాకుమారి కథ పుస్తకం చూసి, "అమ్మా, నేను నల్లగా ఉన్నానుగా, నేను రాకుమారిని కాదా?" అంది. ఏం చెప్పాలో తెలియలేదు. ఆ పుస్తకం దాచేశాను.
— అనంతపురం నుంచి

దాచడం మంచిపనే చేశారమ్మా. ఆ మాట చదివి నా మనసు చివుక్కుమంది. మన పుస్తకాల్లో ఎంతకాలంగానో రాకుమారి పసుపుతెలుపు, రాక్షసుడు కారునలుపు. పనిమనిషిని నల్లగానూ, టీచరమ్మని తెల్లగానూ వేస్తారు. మాట ఒక్కటీ అనకుండానే బొమ్మ ఆ సంగతి పిల్లకి ఎక్కించేస్తుంది. కొనేముందు రంగులు ఎవరెవరికి ఏవి వేశారో చూడాలి. అలాగే ఎవరు పరిగెడుతున్నారు, ఎవరు కిటికీలోంచి చూస్తున్నారు? వంటింట్లో నాన్న ఒక్కసారైనా కనపడతాడా? కర్ర పట్టుకుని నడిచే పిల్లాడు ఆటలో ఉన్నాడా, జాలి కోసం పక్కన నిలబెట్టారా?

ఇప్పుడు కొంచెం మారుతోంది. చెన్నైలో తూలిక, బెంగళూరులో ప్రథమ్ బుక్స్ వేసే పుస్తకాల్లో మన వీధుల్లో తిరిగే పిల్లలే ఉంటారు, మన చామనఛాయతో, నూనె రాసిన జడలతో, జారిపోయే లాగులతో. తెలుగులోనూ దొరుకుతాయి. వాటిలో ఆడపిల్ల బొమ్మ ముందు పేజీలో ఉన్నవి రెండు మూడు తెచ్చి పాప ముందు పెట్టండి. ఏమీ చెప్పక్కర్లేదు. తనే వేలు పెట్టి "ఇది నేను" అంటుంది. అలా అనేదాకా తెస్తూనే ఉండండి.

నేను అంగన్‌వాడీ టీచర్ని. కేంద్రంలో ఇరవై రెండు మంది పిల్లలు. ఉన్నవి చిన్న పుస్తకాలు, అందరికీ కనపడవు. సగంమంది ఇంట్లో గోండీ మాట్లాడతారు, తెలుగు కథ చదివితే ముందు వరసవాళ్లే వింటారు. చిరుగుతాయని భయంతో పుస్తకాలు పెట్టెలోనే ఉంచుతున్నాను.
— ఆదిలాబాద్ జిల్లా నుంచి

చెల్లీ, పెట్టె సంగతి ముందు మాట్లాడదాం, అది నా మనసులో ముల్లు కాబట్టి. నేను పనిచేసిన ఒక బడిలో పిల్లల పుస్తకాలు రెండు కట్టలు వచ్చాయి. స్టాక్ రిజిస్టర్లో ఎక్కించి బీరువాలో పెట్టి తాళం వేశారు. ఒక్కటి చిరిగినా డబ్బు కట్టాలని పైనుంచి మాట. నేనూ భయపడ్డాను, నాలుగేళ్లు తాళం అడగలేదు. తీసి చూసేసరికి చెదలు మధ్యలోంచి తొలిచేశాయి. పిల్లలు చింపి ఉంటే కనీసం చదివి చింపేవాళ్లు. ఆ నాలుగేళ్లలో నా దగ్గర ఒకటో తరగతి దాటిపోయిన పిల్లలకి ఆ పుస్తకాలు ఇక ఎప్పటికీ అందలేదు. మీరలా చెయ్యకండి.

చిరిగితే అతికించుకుందాం. ప్లాస్టిక్ టేపు వద్దు, ఏడాదికి పసుపెక్కి పెచ్చులూడుతుంది. రెండు చెంచాల మైదా గ్లాసుడు నీళ్లలో కలిపి సన్నటి సెగ మీద జిగురయ్యేదాకా తిప్పండి. చిరుగు అంచుల్ని కలిపి, పల్చటి కాగితం ముక్క ఆ జిగురుతో అంటించి, పైన నాలుగు బరువైన రిజిస్టర్లు పెట్టి రాత్రంతా ఉంచండి. బైండింగువాళ్లు ఆ జిగురులో పురుగు పట్టకుండా మైలుతుత్తం వేస్తారు. మీరు మాత్రం వెయ్యొద్దు, అది విషం, మీ పిల్లలు వేళ్లు నోట్లో పెట్టుకుంటారు. పిల్లల్నే కూర్చోపెట్టి వాళ్లచేతే అతికించండి. తను అతికించిన పేజీని ఏ పిల్లా మళ్లీ చింపడం నేను చూడలేదు.

ఇరవై రెండు మందికీ చూపించడానికి మీ తెలంగాణలోనే ఒక పద్ధతి ఉంది. సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాషీ కళాకారులు వేసే పటాల గురించి వినే ఉంటారు. పొడుగాటి గుడ్డ మీద వరసగా గళ్లు గీసి, గడిగడికీ ఒక ఘట్టం వేస్తారు. కథ చెప్పేవాళ్లు ఆ పటాన్ని విప్పి వేలాడదీసి, ఒక్కో బొమ్మా చూపిస్తూ పాడతారు. ఊరంతా కూర్చుని చూసేది. పుస్తకంలోని బొమ్మల్లో ఆరు ఘట్టాలు ఎంచుకుని పాత చీర మీదో, కేలండర్ల వెనకవైపు అతికించో పెద్దగా గీయండి. గీయడం రాదనకండి, పొయ్యికి పొగ వస్తే చాలు, ఇల్లుకి గుమ్మం ఉంటే చాలు. అది కుదరకపోతే ఐదుగురేసి పిల్లల్ని చుట్టూ కూర్చోపెట్టుకోండి, మిగతావాళ్లు మట్టితో ఆడుకుంటారు. ఐదుగురికి పావుగంట దక్కితే ఇరవై రెండు మందికి గంట దక్కిన దానికన్నా ఎక్కువ.

భాష మాటకొస్తే, మీకు అన్నిటికన్నా అక్కరకొచ్చేవి అసలు మాటల్లేని బొమ్మల పుస్తకాలు. బొమ్మ చూపించి, "ఏమవుతోంది?" అని అడిగి ఊరుకోండి. గోండీలో చెప్పనివ్వండి. అర్థం కాకపోతే గోండీ, తెలుగు రెండూ వచ్చిన పిల్లచేత చెప్పించుకోండి, లేదా ఒక అమ్మనో అవ్వనో వారానికి ఒక పూట రమ్మనండి. పిల్ల తన మాటలో చెప్పిన కథని మీరు తెలుగులో మళ్లీ చెబితే ఆ తెలుగు దానికి ఎక్కుతుంది, ఎందుకంటే కథ తనది.

డబ్బు లేకపోయినా దొరికేవి ఉన్నాయి. ప్రథమ్ బుక్స్ 2015లో స్టోరీవీవర్ అనే వెబ్‌సైటు పెట్టింది. అందులో తెలుగు పుస్తకాలు ఉచితంగా దింపుకుని, అచ్చు తీసుకుని, పంచుకోవచ్చు, అందుకు అనుమతి ముందే ఇచ్చారు. వాటికి స్థాయి 1 నుంచి 4 దాకా అంకె వేసి ఉంటుంది. అది పిల్ల తనంతట తాను చదవడానికి. మీరు చదివి వినిపించేటప్పుడు ఒక మెట్టు పైది తీసుకున్నా పిల్లలు అందుకుంటారు. నేషనల్ బుక్ ట్రస్ట్ వాళ్ల నెహ్రూ బాలపుస్తకాలయం పుస్తకాలు కూడా తక్కువ ధరకే వస్తాయి.

మా చిన్నప్పుడు విశాలాంధ్రలో కొన్న రష్యన్ బొమ్మల పుస్తకాలు ఇప్పటికీ కలలోకి వస్తాయి. మనవడికి అవే ఇవ్వాలని ఉంది. దొరుకుతాయా?
— ఒక తాతగారు, గుంటూరు

అన్నయ్యగారూ, ఆ నున్నటి కాగితం, ఆ మంచు, ఆ ఎలుగుబంటి నాకూ గుర్తే. మాస్కోలో ప్రగతి ప్రచురణాలయం, 1982 నుంచి రాదుగ ప్రచురణాలయం, తెలుగులో వేసి పంపేవి. విశాలాంధ్రవాళ్లు వ్యానులో ఊళ్లకి తెచ్చి అమ్మేవారు. రష్యన్ పుస్తకాల్ని తెలుగు చేసినవారిలో ఉప్పల లక్ష్మణరావు గారు, ఆర్వీయార్ గారు ఉన్నారు. 1991లో సోవియట్ యూనియన్ పోయింది, ఆ పుస్తకాలూ ఆగిపోయాయి. వాటిలో కొన్నింటిని సికింద్రాబాద్ తార్నాకలోని "మంచి పుస్తకం" అనే ప్రచురణ సంస్థవాళ్లు మళ్లీ అచ్చువేశారు. జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవానికి వెళ్తే వాళ్ల దుకాణం చూడండి, కొత్త తెలుగు బొమ్మల పుస్తకాలు కూడా అక్కడ చాలా దొరుకుతాయి.

ఒక్క మనవి. మనవడికి అవి నచ్చకపోతే నొచ్చుకోకండి. మీకు అందులో మీ నాన్నగారి సైకిలు, ఆ సాయంత్రం, ఆ అణాపైసలు కనపడతాయి. వాడికి మంచు మాత్రమే కనపడుతుంది. ముందు మీ నాన్నగారు ఆ పుస్తకం ఎలా కొనిపెట్టారో వాడికి చెప్పండి. ఆ కథ విన్నాక పుస్తకం వాడే అడుగుతాడు.

న్యూజెర్సీలో కొడుకు దగ్గర ఉన్నాను. మనవరాలికి ఐదేళ్లు. తెలుగు అర్థమవుతుంది, జవాబు ఇంగ్లీషులో చెబుతుంది. ఎలాంటి పుస్తకం తెప్పించుకోను?
— ఒక నాయనమ్మ

వదినగారూ, ఒకే పేజీలో తెలుగూ ఇంగ్లీషూ రెండూ ఉండే పుస్తకాలు తూలికవాళ్లు వేస్తారు. బొమ్మలు మన ఊళ్లవి. కానీ చదివేటప్పుడు మీరు తెలుగే చదవండి, కింది లైను వాళ్ల నాన్నకి వదిలెయ్యండి. పాప ఇంగ్లీషులో జవాబు చెబితే "తెలుగులో చెప్పు" అనకండి. ఆ మాట పదిసార్లు వింటే పుస్తకమే వద్దంటుంది. పాప చెప్పిందే మీరు తెలుగులో అనండి, "ఓహో, ఏనుగు నీళ్లు చల్లుతోందా!" అని. ఇంకా ముఖ్యం, ఇంగ్లీషులో మాట దొరకని బొమ్మలున్నవి ఎంచుకోండి. రోలు, రోకలి, చేట, ముగ్గు, సన్నజాజుల దండ, గొబ్బెమ్మ. వాటిని అడగాలంటే పాపకి మీరే దిక్కు. "దిస్ చేట" అని మొదలవుతుంది. అలా మొదలవనివ్వండి.

ఫోన్‌లో కథలు చూపిస్తే సరిపోదా? బొమ్మలు కదులుతాయి, చదివి కూడా వినిపిస్తుంది.
— భీమవరం

సరిపోదండి. రెండేళ్లలోపు పిల్లలకి తెర అసలొద్దనీ, నాలుగేళ్లదాకా రోజుకి గంట మించొద్దనీ, కూర్చునే వేళల్లో పెద్దవాళ్లు కథ చెప్పడం, చదివి వినిపించడం మంచిదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. నా కారణం మరోటి. ఫోన్ ఆగదు. "తాడు కట్టలేదండి" అని పిల్ల అన్నా అది తర్వాతి బొమ్మకి వెళ్లిపోతుంది. ప్రయాణంలో తప్పనప్పుడు ఫోన్‌లో పుస్తకమే తెరిచి, శబ్దం తీసేసి, మీరే చదవండి.

మా వాడికి ఎనిమిదేళ్లు, చక్కగా చదువుతాడు. అయినా రాత్రి నన్నే చదవమంటాడు, అదీ చిన్నప్పటి బొమ్మల పుస్తకాలు. మాన్పించాలా?
— ఒక తల్లి, విజయనగరం

వద్దమ్మా. వాడడుగుతున్నంతకాలం చదవండి. మా వసారాకి వచ్చేవాళ్లలో ఏడో తరగతి కుర్రాడొకడున్నాడు. లావుపాటి పుస్తకాలు వాడంతట వాడే తీసుకెళ్తాడు. కానీ నేను చిన్నవాళ్లకి బొమ్మల పుస్తకం చదివే వేళకి వచ్చి వెనకాల స్తంభానికి ఆనుకుని కూర్చుంటాడు. పేజీ తిప్పే ముందు నేను ఆగినప్పుడు చిన్నవాళ్లంతా నా చెయ్యి చూస్తుంటారు. వాడు వాళ్ల మొహాలు చూస్తుంటాడు. పోయిన శనివారం నాకు గొంతు బొంగురుపోయి మాట పెగల్లేదు. వాడు లేచి వచ్చి నా పక్కన కూర్చుని పుస్తకం తీసుకున్నాడు. కుడి పేజీ చివర, సరిగ్గా ఆగాల్సిన చోట ఆగాడు.